కాలు నేల మీద, దోటి కొమ్మ మీద

2023 ఫిబ్రవరి ఒకటో తేదీ తెల్లవారుజామున మా వీధంతా ఫెళఫెళ చప్పుళ్ళు. టెక్సస్‌లోని ఆస్టిన్ నగరంలో ఆ రెండు మూడు రోజులూ కురిసిన వాన, పడ్డచోటే గడ్డకట్టింది. మా లైవ్ ఓక్ చెట్లు చలికాలంలోనూ ఆకు రాల్చవు. ఆకు ఆకుకీ మంచు పేరుకుని, ఆ బరువుకి కొమ్మలు విరుగుతున్న చప్పుడది. తెల్లారి చూస్తే మా వాకిట్లో చెట్టుకి, పదిహేను అడుగుల ఎత్తున, మణికట్టు కన్నా కాస్త లావు కొమ్మ సగానికి విరిగి కారు నిలిపే చోటికి పైన వేలాడుతోంది.

మంచు కరిగాక గరాజ్‌లోంచి నిచ్చెన తీస్తుంటే నాన్నగారు ఆపారు. నూజివీడు దగ్గర మామిడి తోటల్లో పెరిగిన మనిషి. ఆ చలికాలం మా దగ్గరే ఉన్నారు. "నిచ్చెనెందుకురా? దోటి లేదూ?" అన్నారు.

ఇక్కడ పుట్టిన మన పిల్లలకి దోటి తెలియదు. పొడవాటి వెదురు గడ చివర చిన్న కొడవలో కొక్కెమో కట్టి ఉంటుంది. మామిడికాయ నేలన పడి దెబ్బ తినకుండా దానికే చిక్కం తగిలిస్తారు. మునగ కొమ్మ పెళుసు, ఎక్కిన మనిషిని మోయదు. అందుకే మునక్కాడలకి దోటే గతి. మనిషి నేల మీదే ఉండాలి, కత్తి మాత్రమే పైకి వెళ్ళాలి అన్న తెలివి అందులో ఉంది.

నిచ్చెన ఎందుకు వద్దో ఆలోచిస్తే సులువుగానే తెలుస్తుంది. కోసిన కొమ్మ తిన్నగా కిందికి రాదు, ఊగుతూ వచ్చి నిచ్చెనని కొడుతుంది. నిచ్చెన ఆనించినది ఆ కొమ్మకే అయితే, బరువు తగ్గగానే అది పైకి లేస్తుంది, నిచ్చెన పట్టు తప్పుతుంది. పైగా రంపానికి ఒక చేయి పోతే పట్టుకోవడానికి మిగిలేది ఒక్కటే.

ఇక్కడి హార్డ్‌వేర్ దుకాణాల్లో మన దోటి రెండు రూపాల్లో దొరుకుతుంది. ఒకటి పోల్ ప్రూనర్: గడ చివర కొక్కెం, దానికి కత్తెర, కింద నుంచి లాగే తాడు. బొటనవేలంత కొమ్మలకి ఇది చాలు. రెండోది పోల్ సా: గడ చివర వంపు తిరిగిన రంపం. దీని పళ్ళు లాగేటప్పుడే కోస్తాయి. కాబట్టి బలమంతా లాగడంలో పెట్టాలి, తోసేటప్పుడు చేయి వదులు చేయాలి. గడ పొడవు పెరిగేకొద్దీ అది ఊగుతుంది, భుజాలు త్వరగా అలుస్తాయి. పని జరిగేంత పొడవే తీసి, మధ్యమధ్య ఆగడం మంచిది. కొమ్మకి రెండు వైపులా తాళ్ళతో లాగే గొలుసు రంపం కూడా అమ్ముతారు. దాంతో గాటు ఎక్కడ పడుతుందో మన చేతిలో ఉండదు, బెరడు చీలుతుంది. దాని జోలికి పోకపోవడమే మేలు.

హెల్మెట్, కళ్ళద్దాలు తప్పనిసరి. రంపపు పొట్టు నేరుగా కళ్ళల్లోకే వస్తుంది. గడని నిటారుగా పట్టుకుంటే మనం కొమ్మ కిందే ఉన్నట్టు. ఏటవాలుగా పట్టుకుని పక్కకి నిలబడాలి, వెనక్కి తప్పుకునే దారి ముందే చూసుకోవాలి. పిల్లలు, కుక్కలు దూరంగా ఉండాలి.

లావు కొమ్మని ఒక్క వేటున కోస్తే, సగంలో విరిగి కాండం మీది బెరడుని పొడుగునా చీల్చుకుంటూ పడుతుంది. అందుకే ముందు చివరి రెమ్మలు కోసి బరువు తగ్గించాలి. తర్వాత మూడు గాట్లు. మొదటిది కాండానికి అడుగో అడుగున్నరో ఇవతల, కొమ్మ అడుగు వైపు నుంచి, మూడో వంతు లోతున. రెండోది అక్కడికి రెండంగుళాలు బయటగా, పై నుంచి. కొమ్మ పడిపోతుంది, చీలిక కింది గాటు దగ్గరే ఆగిపోతుంది. మిగిలిన మోడుని తీసేది మూడో గాటు.

ఆ మూడోది ఎక్కడ వేయాలో చెట్టే చూపిస్తుంది. కొమ్మ కాండంలో కలిసే చోట చుట్టూ కంకణంలా ఉబ్బెత్తు ఉంటుంది. బ్రాంచ్ కాలర్ అంటారు. కోత సరిగ్గా దాని బయట పడాలి. కంకణాన్ని కోయకూడదు, మోడూ మిగల్చకూడదు. అమెరికా అటవీశాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో (1930–2006) ఎన్నో చెట్లని చెయిన్ సాతో నిలువునా చీల్చి, లోపల కుళ్ళు ఎలా పాకుతుందో పరిశీలించారు. మన చర్మంలా చెట్టు గాయం మానదు. చెట్టు ఆ గాయం చుట్టూ గోడ కట్టి, దాన్ని లోపలే మూసేసి, పైన కొత్త కలప పెంచుకుంటుంది. ఆ పని మొదలయ్యేది కంకణం నుంచే. రంగులు, తారులు దానికి సాయపడవని కూడా ఆయన చూపించారు.

టెక్సస్ ఓక్ చెట్లకి మాత్రం వేరే లెక్క. ఇక్కడ ఓక్ విల్ట్ అనే శిలీంద్ర రోగం ఉంది. తాజా గాయానికి వచ్చే చిన్న పురుగులు దాన్ని మోసుకొస్తాయి. ఆపైన వేళ్ళ ద్వారా పక్క చెట్లకి పాకుతుంది. అందుకే ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్ కొమ్మలు కోయవద్దని, ఏ నెలలో గాయమైనా వెంటనే రంగు వేయమని టెక్సస్ ఏ అండ్ ఎం అటవీశాఖ చెబుతుంది. మాది సరిగ్గా ఫిబ్రవరి. అయినా విరిగిన కొమ్మని అలా వదలలేం. రంపాన్ని స్పిరిట్‌తో తుడిచి, కోసి, గడ చివర పెయింట్ రోలర్ కట్టి, ఇంట్లో మిగిలిన గోడరంగే ఆ గాటుకి పూశాం.

కరెంటు తీగకి పది అడుగుల లోపున్న కొమ్మని ముట్టుకోకూడదు. అల్యూమినియం గడలో కరెంటు పారుతుంది. ఫైబర్‌గ్లాస్ గడ కూడా తడిసినా, మురికి పట్టినా నమ్మదగ్గది కాదు. ఇంటికి వచ్చే తీగ అయినా సరే, కరెంటు వాళ్ళకి ఫోన్ చేయాలి. మన చేతికన్నా బాగా లావు కొమ్మ, ఇంటి కప్పు మీదికి వాలినది, గడకి అందనిది అర్హత ఉన్న ఆర్బరిస్టు పని. అతనికి బీమా ఉందో లేదో అడగడం మరవకండి. చేతికి అందుతోంది కదా అని ఎడాపెడా నరకకూడదు. ఏడాదిలో పచ్చటి కొమ్మల్లో నాలుగో వంతు దాటితే చెట్టు నీరసిస్తుంది.

ఆ రోజు మాకు గంటన్నర పట్టింది. నేను గడ లాగుతుంటే నాన్నగారు పక్కన నిలబడి, "ఆగు, కొంచెం ఎడమకి" అంటూ గాటు చూపించారు. తర్వాతి ఏడాదుల్లో గోడరంగు వెలిసిపోయింది. దాని చుట్టూ ఉంగరంలా కొత్త బెరడు లేచింది, ఏటేటా లోపలికి ముడుచుకుంటోంది. మొన్న ఫోటో తీసి నూజివీడుకి పంపాను. "కంకణం తెగలేదన్నమాట" అని జవాబిచ్చారు.