ప్యాకెట్ తెరిచాక టోఫు కూడా పాలలాంటిదే



గత టర్మ్‌లో ఒకరోజు నేను లంచ్ డ్యూటీలో ఉన్నప్పుడు ఆరో తరగతి బాబు ఒకడు బాక్స్ మూత తీసి వెంటనే మళ్లీ పెట్టేశాడు. ఏమైందని అడిగితే, "పనీర్ కూర మేడమ్, ఏదో వాసన వస్తోంది" అన్నాడు. నేను చూశాను. అది పనీర్ కాదు. ఎర్రటి గ్రేవీలో తెల్లటి ముక్కలు చితికి ముద్దగా కలిసిపోయాయి. పుల్లటి వాసన కొడుతోంది. తినొద్దని చెప్పి, పక్క పిల్లల దగ్గర కొంచెం పులిహోర పెట్టించాను. సాయంత్రం వాళ్లమ్మగారికి ఫోన్ చేశాను.

"బాబుకి పాల అలర్జీ మేడమ్. పాలు, పెరుగు, పనీర్ అన్నీ మానేయమన్నారు డాక్టర్‌గారు. క్లాసులో అందరూ పనీర్ తెచ్చుకుంటుంటే వీడు రోజూ అడుగుతున్నాడు. అందుకే సిల్కెన్ టోఫు కొన్నాను. నిన్న సగం వాడాను. మిగతా సగం గట్టు మీదే ఉంచి పొద్దున వండాను. ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదని ప్యాకెట్ మీదే రాసి ఉంది కదా!" అన్నారావిడ.

ఆవిడ చదివింది నిజమే. కానీ ఆ మాట తెరవని ప్యాకెట్‌కి మాత్రమే వర్తిస్తుంది. ఆవిడ అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాను. పేరెంట్స్ మీటింగ్‌లో టోఫు గురించి ఇంకొందరు కూడా అడిగారు కాబట్టి, ఇది అందరికీ పనికొస్తుందని అనుకుంటున్నాను.

పనీర్‌కి చుట్టం కాదు, పెరుగుకి చుట్టం

పనీర్ ఎలా చేస్తామో మనకి తెలుసు. పాలు విరగ్గొట్టి, గుడ్డలో వడకట్టి, నీళ్లు పోయేలా బరువు పెడతాం. మామూలు గట్టి టోఫు కూడా అంతే. పాలకి బదులు సోయా పాలు, అంతే తేడా. సిల్కెన్ టోఫుకి మాత్రం వడకట్టడం, బరువు పెట్టడం ఉండవు. చిక్కటి సోయా పాలు మొత్తంగా, నీళ్లతో సహా, కదపకుండా గడ్డకడతాయి. ఇంట్లో పెరుగు తోడుకున్నట్టే. జపాన్‌లో దీన్ని 'కినుగోషి' అంటారు. అందులో 'కిను' అంటే పట్టు. నోట్లో పెట్టుకుంటే అంత మెత్తగా ఉంటుందని ఆ పేరు. మన జున్ను గుర్తు తెచ్చుకోండి, చూడడానికి అలాగే ఉంటుంది.

అందుకే పనీర్‌లా వేయిస్తే విరిగిపోతుంది. గరిటె పెట్టి కలిపితే చితికిపోతుంది. ప్యాకెట్ మీద 'ఫర్మ్' అని ఉన్నా సరే, అది మిగతా సిల్కెన్ టోఫుల కంటే గట్టి అని మాత్రమే అర్థం. పనీర్ అంత గట్టిగా ఉండదు.

ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి ఎలా ఉంటుంది?

ఎనిమిదో తరగతి సైన్స్‌లో సూక్ష్మజీవుల పాఠం ఉంటుంది. సీనియర్ పిల్లలున్న ఇళ్లలో ఈ ప్రశ్న వాళ్లనే అడిగి చూడండి. ఆహారం పాడవడానికి కారణం అందులో పెరిగే సూక్ష్మజీవులు. వాటిని చంపేసి, మళ్లీ కొత్తవి లోపలికి రాకుండా మూసేస్తే ఆహారం నిలవుంటుంది. అట్టపెట్టె ప్యాకెట్‌లో వచ్చే లాంగ్ లైఫ్ పాలను 135 డిగ్రీలు, అంతకంటే ఎక్కువ వేడికి కొన్ని సెకన్లు గురిచేసి ప్యాక్ చేస్తారు. ఈ టోఫుకీ అదే సూత్రం. సోయా పాలను బాగా వేడిచేసి, చల్లార్చి, గడ్డకట్టించే పదార్థం కలిపి, సూక్ష్మజీవులు లేని ప్యాకెట్‌లో పోసి సీల్ చేస్తారు. ఆ తర్వాత ప్యాకెట్‌ని వేడిచేస్తే లోపలే గడ్డకడుతుంది. ఇందుకు ఎక్కువగా వాడే పదార్థం గ్లూకోనో డెల్టా లాక్టోన్. అది నీళ్లలో నెమ్మదిగా ఆమ్లంగా మారి సోయా పాలను తోడు పెడుతుంది.

ఈ రకం టోఫు జపాన్‌లో పుట్టి, 1980లలో అమెరికా మార్కెట్‌కి వెళ్లింది. విచిత్రం ఏమిటంటే, జపాన్‌లో మాత్రం 2018 వరకు దీన్ని కూడా ఫ్రిజ్‌లోనే ఉంచి అమ్మాలన్న నిబంధన ఉండేది.

అంటే ఈ టోఫుని కాపాడేది ఆ సీల్ ఒక్కటే. నిలవ ఉంచే గుణం టోఫులో లేదు. సీల్ తెగిన నిమిషం నుంచి అది కాచి చల్లార్చిన పాలలాంటిది. తడి, ప్రొటీన్ రెండూ ఉన్నాయి, పులుపు పెద్దగా లేదు. సూక్ష్మజీవులకి అంతకంటే ఏం కావాలి?

కొనేటప్పుడు, తెరిచేటప్పుడు

• సిల్కెన్ టోఫులన్నీ బయట నిలవుండవు. షాపులో ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే ప్లాస్టిక్ డబ్బాలోది ఇంట్లో కూడా ఫ్రిజ్‌లోనే ఉండాలి. అట్టపెట్టెలో వచ్చేదాని మీద కూడా నిలవ సూచన చదివాకే కొనండి.
• ప్యాకెట్ ఉబ్బినా, కారుతున్నా వాడొద్దు. స్టౌ దగ్గర, ఎండ తగిలేచోట పెట్టొద్దు.
• ప్యాకెట్ ఒక చివర పూర్తిగా కత్తిరించి పళ్లెంలోకి వంచండి. పైన ఒక మూల కొంచెం కత్తిరిస్తే గాలి వెళ్లి, దిమ్మ విరక్కుండా జారి వస్తుంది.
• మిగిలింది గిన్నెలో మంచినీళ్లు పోసి, అందులో మునిగేలా ఉంచి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. రోజూ నీళ్లు మార్చండి. రెండు మూడు రోజుల్లో వాడేయండి.
• డీప్ ఫ్రీజర్‌లో పెట్టొద్దు. పట్టులాంటి మెత్తదనం పోయి స్పాంజిలా తయారవుతుంది.

లంచ్ బాక్స్‌లో ఏది పెట్టొచ్చు?

వండిన ఆహారాన్ని రెండు గంటలకి మించి గది వేడిలో ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన పిల్లల బాక్సులు ఉదయం ఏడింటికి కడితే మధ్యాహ్నం పన్నెండున్నరకి తెరుచుకుంటాయి. అందుకే పలచటి గ్రేవీలో టోఫు ముక్కలు బాక్స్‌కి పనికిరావు. అవి ఇంట్లో వేడివేడిగా తినాల్సినవి. బాక్స్‌కైతే టోఫుని పిండిలో కలిపి, తడి లేకుండా కాల్చిన వంట మంచిది. ఈ నాలుగూ ప్రయత్నించండి.

1. టోఫు చపాతీ (బాక్స్‌కి): 150 గ్రాముల టోఫుని చేత్తో మెత్తగా మెదపండి. రెండు కప్పుల గోధుమపిండి, ఉప్పు, కొంచెం వాము వేసి కలపండి. టోఫులోనే చాలా నీళ్లుంటాయి కాబట్టి ముందు నీళ్లు పోయకండి. పిండి పొడిపొడిగా ఉంటే అప్పుడు ఒక్కో చెంచా చొప్పున పోయండి. పావుగంట నాననిచ్చి, వత్తి, రెండు వైపులా బాగా కాల్చండి. పూర్తిగా చల్లారాక బాక్స్‌లో సర్దండి. వేడిగా మూతపెడితే ఆవిరి పట్టి తడి అవుతాయి. చల్లారినా చపాతీలు మెత్తగానే ఉంటాయి. పిండి మాత్రం ముందురోజు కలిపి బయట ఉంచొద్దు.

2. టోఫు పొరటు (ఇంట్లో టిఫిన్‌కి): నూనెలో పోపు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేగాక పసుపు వేసి, నీళ్లు వంపేసిన టోఫుని చేత్తో చిదిపి వేయండి. మూత పెట్టకుండా పెద్ద మంట మీద నీరు ఇగిరేదాకా వేయించండి. చివర్లో మిరియాల పొడి, కొత్తిమీర. మామూలు ఉప్పు తగ్గించి చిటికెడు నల్ల ఉప్పు వేస్తే కోడిగుడ్డు పొరటు వాసన వస్తుంది.

3. టమాటా చారులో టోఫు (రాత్రి భోజనానికి): టోఫుని అంగుళం ముక్కలుగా కోయండి. మరుగుతున్న ఉప్పు నీళ్లలో మూడు నాలుగు నిమిషాలు ఉంచితే ముక్కలు కొంచెం గట్టిపడతాయి. చారు దించే ముందు వాటిని మెల్లగా జారవిడవండి. ఆ తర్వాత గరిటె పెట్టొద్దు, గిన్నెనే కాస్త అటూ ఇటూ కదపండి. జపాన్‌లో మిసో సూప్‌లో కూడా టోఫుని చివర్లోనే వేస్తారు.

4. మామిడిపండు టోఫు (సాయంత్రానికి): 150 గ్రాముల టోఫు, ఒక బంగినపల్లి పండు గుజ్జు, తీపికి కొంచెం బెల్లం మిక్సీలో నున్నగా తిప్పి, కప్పుల్లో పోసి రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. అప్పుడే తెరిచిన ప్యాకెట్‌లోని టోఫుని వండకుండానే తినొచ్చు. పాలు పడని పిల్లలకి ఇది మంచి చల్లటి చిరుతిండి.

కోడిగుడ్డు వాడని ఇళ్లలో కేక్ చేసేవారికి ఒక మాట. ఒక గుడ్డుకి బదులు మిక్సీలో తిప్పిన టోఫు పావు కప్పు వేయొచ్చు. కేక్ స్పాంజిలా పొంగదు గానీ మెత్తగా, చిక్కగా వస్తుంది.

ఇది ఇచ్చేదెంత, ఇవ్వనిదేమిటి?

టోఫు అనగానే ప్రొటీన్ అంటారు. లెక్క చూద్దాం. 100 గ్రాముల సిల్కెన్ టోఫులో ప్రొటీన్ సుమారు 5 నుంచి 7 గ్రాములు. పనీర్‌లో సుమారు 18 గ్రాములు. ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి ఈ తేడా. మన చపాతీల లెక్కే తీసుకోండి. 150 గ్రాముల టోఫుతో ఎనిమిది చపాతీలు చేస్తే, టోఫు వల్ల ఒక్కో చపాతీకి వచ్చేది ఒక గ్రాము చిల్లర. మంచిదే, కానీ పప్పు మానేయడానికి అది సరిపోదు. బాక్స్‌లో చపాతీ ఉన్నరోజు కూడా పక్కన పప్పో, శనగల కూరో ఉండాలి.

ఇంకొకటి కాల్షియం. పాలు మానేసిన పిల్లలకి ఇది ముఖ్యం. లేబుల్‌లో పదార్థాల పట్టిక చూడండి. కాల్షియం సల్ఫేట్‌తో గడ్డకట్టించిన టోఫులో కాల్షియం బాగా ఉంటుంది. గ్లూకోనో డెల్టా లాక్టోన్ మాత్రమే ఉంటే అంత ఉండదు. పాలకి బదులు టోఫు ఇస్తున్నాం కదా అని నిశ్చింతగా ఉండకుండా, కాల్షియం ఎలా అందుతుందో డాక్టర్‌గారినే అడగండి. రాగులు, నువ్వులు మన వంటింట్లో ఎలాగూ ఉన్నాయి.

పాలు పడని పిల్లల్లో కొందరికి సోయా కూడా పడదు. కాబట్టి అలర్జీ ఉన్న పిల్లలకి డాక్టర్‌గారిని అడగకుండా మొదలుపెట్టకండి. సోయా అలర్జీ ఉందని తెలిస్తే క్లాస్ టీచర్‌కి రాతపూర్వకంగా తెలియజేయండి. పిల్లలు బాక్సులు పంచుకుని తింటారు, మేం ఎంత చూసినా ఒక్కోసారి కంట పడదు. థైరాయిడ్ మాత్ర వాడేవారు ఆ మాత్రకీ సోయాకీ మధ్య ఎంత వ్యవధి ఉండాలో కనుక్కోండి. సోయా ఆ మందు ఒంటికి పట్టకుండా అడ్డుపడొచ్చు.

ఆ బాబు వాళ్లమ్మగారు డాక్టర్‌గారిని సోయా గురించి అడిగి, సరేనన్నాకే మళ్లీ ప్రయత్నించారు. ఇప్పుడు వాడి బాక్స్‌లో వారానికి రెండు రోజులు టోఫు చపాతీ, శనగల కూర వస్తున్నాయి. మొన్న లంచ్ డ్యూటీలో వాడి బల్ల దగ్గరికి వెళ్తే బాక్స్ అప్పటికే ఖాళీ. "అయిపోయింది మేడమ్, పనీర్ బాక్స్‌వాళ్లే సగం తినేశారు" అన్నాడు, కొంచెం గర్వంగా.