ఇయర్‌ఫోన్ల ఎంపికలో ధరకన్నా అమరికే మిన్న

న్యూఢిల్లీ: బస్సులో, రైలులో, పనిచేసే చోట, చివరకు పడకపై సైతం చెవిలో ఇయర్‌ఫోన్ తగిలించుకుని పాటలు వినడం దేశంలో సర్వసాధారణమైపోయింది. మూడు వందల రూపాయల వైరు సెట్టు మొదలు పాతిక వేల రూపాయల వైర్‌లెస్ జత వరకు వందలాది రకాలు విపణిలో లభిస్తున్నాయి. అయితే వెయ్యి, పదిహేను వందల రూపాయలకు మించి వెచ్చించలేని సామాన్య వినియోగదారునికి వీటిలో మేలైనదేదో తేల్చుకోవడం కష్టసాధ్యంగా మారింది. ప్రకటనలలోని అంకెలను నమ్మి కొన్న సెట్టు అరగంటకే చెవి నొప్పి పుట్టిస్తే నష్టం డబ్బుతోనే ఆగిపోదు. చెవికి సరిగా అమరని పరికరం క్రమంగా వినికిడి శక్తికే ముప్పుగా పరిణమించగలదు.

వాక్‌మన్ నుంచి వైర్‌లెస్ దాకా

జపాన్‌కు చెందిన సోనీ సంస్థ 1979 జులై 1న వాక్‌మన్‌ను విడుదల చేయడంతో సంగీతాన్ని వెంట తీసుకువెళ్లే అలవాటు ప్రపంచమంతటా వ్యాపించింది. గల్ఫ్ దేశాల నుంచి సెలవుపై స్వస్థలాలకు వచ్చేవారి సామానులో ఇటువంటి టేప్ ప్లేయర్లు, వాటితోపాటు స్పాంజి తొడుగుల హెడ్‌ఫోన్లు తెలుగు జిల్లాలకూ చేరాయి. 2001లో ఆపిల్ సంస్థ ఐపాడ్‌తోపాటు ఇచ్చిన తెల్లని బుల్లి ఇయర్‌బడ్స్ తర్వాతి కాలంలో అన్ని కంపెనీలకూ నమూనా అయ్యాయి.

భారతదేశం వరకు చూస్తే 2016 సెప్టెంబరు నెల ఒక మలుపు. ఆ నెల 5న రిలయన్స్ జియో సేవలు ప్రారంభమై డేటా ధరలు ఒక్కసారిగా పడిపోవడంతో ఇంటర్‌నెట్ ద్వారా పాటలు వినడం పల్లెలకు సైతం అందుబాటులోకి వచ్చింది. అదే నెల 7న ఆపిల్ సంస్థ 3.5 మిల్లీమీటర్ల ఇయర్‌ఫోన్ జాక్ లేని ఐఫోన్ 7ను ప్రకటించింది. ఇతర కంపెనీలు కూడా ఒకదాని తర్వాత ఒకటిగా ఆ బాట పట్టగా, బ్లూటూత్ ద్వారా పనిచేసే వైర్‌లెస్ ఇయర్‌బడ్స్‌కు గిరాకీ పెరిగింది. బోట్, నాయిస్ వంటి దేశీయ బ్రాండ్లు ఈ అవకాశాన్ని అందిపుచ్చుకుని తక్కువ ధరల విభాగంలో నిలదొక్కుకున్నాయి.

చెవిలో పెట్టుకునే పరికరాల తయారీని స్వదేశంలో ప్రోత్సహించేందుకు దిగుమతి సుంకాలను దశలవారీగా సవరిస్తామని కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 2022 బడ్జెట్ ప్రసంగంలో ప్రకటించారు. తెలంగాణలోని రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ సంస్థ కర్మాగారానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. ఆపిల్ వైర్‌లెస్ ఇయర్‌ఫోన్ల తయారీకి ఉద్దేశించిన కేంద్రమిది. కాగా, ఇయర్‌ఫోన్లలో వాడే బుల్లి అయస్కాంతాలకు అరుదైన ఖనిజ లోహాలు అవసరం. డిస్ప్రోసియం సహా ఏడు రకాల అరుదైన లోహాల ఎగుమతిపై 2025 ఏప్రిల్‌లో చైనా ఆంక్షలు విధించడం ఈ పరిశ్రమను కలవరపెట్టింది. చెవిలో ఇమిడిపోయే ఈ చిన్న వస్తువు వెనుక అంతర్జాతీయ వాణిజ్యం ఎంతగా ముడిపడి ఉన్నదో దీనివల్ల స్పష్టమవుతుంది.

అమరికే ప్రధానం

ఇయర్‌ఫోన్లు స్థూలంగా రెండు విధాలు. చెవి దొప్పలో పైపైన ఆని ఉండేవి మొదటి రకం. కర్ణనాళం లోనికి కొద్దిగా చొచ్చుకుపోయే రబ్బరు తొడుగులు కలవి రెండవ రకం. మొదటి రకం తేలికగా ఉంటుంది, చెవి లోపల ఒత్తిడి కలిగించదు, బయటి శబ్దాలు కూడా వినిపిస్తాయి. ఇంట్లోను, నిశ్శబ్దంగా ఉండే కార్యాలయాలలోను దీర్ఘకాలం వినేవారికి ఇది హితకరం. అయితే రొద ఎక్కువగా ఉన్న చోట పాట సరిగా వినబడక వాల్యూమ్ పెంచవలసి వస్తుంది.

రెండవ రకం బయటి చప్పుడును చాలా మేరకు అడ్డుకుంటుంది. అయితే తొడుగు చెవికి సరిపడా ఉన్నప్పుడే ఆ ప్రయోజనం దక్కుతుంది. తొడుగు చిన్నదైతే పక్కల నుంచి గాలి చొరబడి మంద్ర స్వరాలు ముందుగా మాయమవుతాయి. మృదంగంలో గుమికి వినిపించక, పాట పేలవంగా తోస్తుంది. కొనుగోలుదారు దీనిని పరికరం లోపంగా భావించడం పరిపాటి. తొడుగు పెద్దదైతే కర్ణనాళపు గోడలపై ఒత్తిడి పడి అరగంటలోపే నొప్పి మొదలవుతుంది. సాధారణంగా పెట్టెలో చిన్న, మధ్యరకం, పెద్ద సైజు తొడుగులు ఇస్తారు. కంపెనీ ముందుగా తొడిగి ఉంచిన మధ్యరకంతోనే చాలామంది సరిపెట్టుకుంటారు. కుడి, ఎడమ చెవుల నాళాలు ఒకే కొలతలో ఉండాలన్న నియమం లేదు కనుక రెండు చెవులకు వేర్వేరు సైజులు వాడినా తప్పు లేదు.

అమరికను పరీక్షించడం కష్టమేమీ కాదు. ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఏదైనా నములుతున్నట్లు దవడ ఆడించినప్పుడు, తల అటూ ఇటూ తిప్పినప్పుడు అది జారరాదు. బాగా పరిచయమున్న పాటను తక్కువ వాల్యూమ్‌లో విన్నప్పుడు తాళవాద్యం, గాత్రం రెండూ స్పష్టంగా వినిపించాలి. ఇరవై, ముప్పై నిమిషాలు విన్న తర్వాత కూడా చెవి బరువెక్కినట్లు అనిపించకపోతే ఆ సెట్టు ఆ వ్యక్తికి సరిపోయినట్లే. పక్కకు తిరిగి పడుకుని వినే అలవాటున్న వారికి కాడలు బయటకు పొడుచుకువచ్చే రకాలు అసౌకర్యం కలిగిస్తాయి.

పెట్టెపై అంకెల గారడీ

తక్కువ ధర ఇయర్‌బడ్స్ పెట్టెలపై '40 గంటలు', '50 గంటలు' అని పెద్ద అక్షరాలతో ముద్రించడం రివాజు. ఇందులో ఛార్జింగ్ డబ్బాలోని విద్యుత్తు కూడా కలిసి ఉంటుంది. ఒకసారి చెవిలో పెట్టుకుంటే పనిచేసే సమయం చాలా రకాలలో అయిదు నుంచి ఎనిమిది గంటలు మాత్రమే. కొనేముందు చూసుకోవలసింది ఈ రెండవ లెక్కనే.

అలాగే, స్పీకర్ పరిమాణం 10 మిల్లీమీటర్ల కన్న 13 మిల్లీమీటర్లు ఉన్నంత మాత్రాన శబ్ద నాణ్యత పెరిగిపోదు. ఏ.ఎన్.సి., ఇ.ఎన్.సి. అన్న రెండు పదాల నడుమ గల వ్యత్యాసం మరింత ముఖ్యమైనది. మొదటిది వినేవారి చెవికి చేరే బయటి రొదను తగ్గిస్తుంది. రెండవది ఫోనులో మాట్లాడేటప్పుడు అవతలి వ్యక్తికి వినిపించే రొదను తగ్గిస్తుంది. పాటలు వినడానికి రెండవ దానివల్ల ఒనగూడే ప్రయోజనం శూన్యం. పోతే, మొదటిది కూడా ఇంజిన్ హోరు వంటి ఎడతెగని శబ్దాలపై పనిచేసినంతగా మాటలపైన, హారన్లపైన పనిచేయదు. చెమట, చినుకుల నుంచి రక్షణకు 'ఐ.పి.ఎక్స్.4' గుర్తు సరిపోతుంది. అంతమాత్రాన నీటిలో ముంచవచ్చునని భావించరాదు.

వైరా, వైర్‌లెస్సా?

వెయ్యి రూపాయల లోపు బడ్జెట్‌లో పాటల నాణ్యతే ప్రధానమైతే వైరు సెట్టు నేటికీ లాభసాటి. బ్యాటరీకి, బ్లూటూత్ చిప్‌కు, డబ్బాకు అయ్యే ఖర్చు ఉండదు కనుక చెల్లించిన సొమ్ములో అధిక భాగం స్పీకర్‌కే దక్కుతుంది. ఫోనుకు జాక్ లేనట్లయితే సి-టైప్ కన్వర్టర్ వాడుకోవచ్చు. అయితే డిజిటల్ సంకేతాన్ని శబ్దంగా మార్చే చిప్ లేని కన్వర్టర్లు కొన్ని ఫోన్లలో పనిచేయవు.

వైర్‌లెస్ బడ్స్‌లో చిక్కుముడుల బెడద లేదు. కానీ వాటి బుల్లి బ్యాటరీలు కొన్ని వందలసార్లు ఛార్జ్ చేశాక నీరసించడం ప్రారంభిస్తాయి. వాటిని మార్చే వీలు దాదాపు ఉండదు కనుక రెండు, మూడేళ్లలో మొత్తం జతనే పారవేయవలసి రావచ్చు. ఒక బడ్ పోగొట్టుకున్నా రెండవది నిరుపయోగమైనట్లే. మెడలో వేసుకునే నెక్‌బ్యాండ్లలో పెద్ద బ్యాటరీకి చోటు ఉంటుంది, జారిపడినా మెడకే వేలాడుతుంది. నిత్య ప్రయాణికులకు ఇది మధ్యేమార్గం.

వినికిడికి పొంచి ఉన్న ముప్పు

హెచ్చు శబ్దంతో వినే అలవాటు కారణంగా ప్రపంచంలో వంద కోట్లకు పైగా యువజనులకు శాశ్వత వినికిడి లోపం సంభవించే ప్రమాదం ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. ఆ సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. శబ్దం 90 డెసిబెల్స్‌కు చేరితే ఆ పరిమితి వారానికి నాలుగు గంటలకు పడిపోతుంది. వాల్యూమ్‌ను గరిష్ఠ స్థాయిలో 60 శాతానికి మించనీయరాదని కూడా సంస్థ సూచించింది. కర్ణంలోని సూక్ష్మ రోమకణాలు ఒకసారి నశిస్తే మనిషిలో తిరిగి మొలవవు.

అమరిక ప్రాధాన్యం ఇక్కడే బోధపడుతుంది. సరిగా కుదరని ఇయర్‌ఫోన్‌లోకి బస్సు రొద చొరబడుతుంది. ఆ రొదను మించి వినాలని ప్రయాణికుడు వాల్యూమ్ పెంచుతాడు. రోజూ గంట, రెండు గంటలు ఇలా గడిస్తే ఏళ్ల తరబడి జరిగే నష్టం తెలియకుండానే పేరుకుపోతుంది. చెవిలో హోరు, మాటలు అస్పష్టంగా వినిపించడం తొలి సంకేతాలు. అవి కనిపించిన వెంటనే వైద్యుని సంప్రదించాలి. చీము, నొప్పి ఉన్నప్పుడు ఇయర్‌ఫోన్లు వాడరాదు. ఒకరివి మరొకరు వాడడం మానుకోవాలి. తొడుగులను తరచు శుభ్రం చేసి, పూర్తిగా ఆరిన తర్వాతే తిరిగి అమర్చాలి. రోడ్డు దాటేటప్పుడు, రైలు పట్టాల సమీపంలో రెండు చెవులూ మూసుకుని నడవడం ప్రాణాంతకమని వేరుగా చెప్పనక్కరలేదు.

కొనేముందు చూడవలసినవి

ఇయర్‌ఫోన్లపై 18 శాతం జి.ఎస్.టి. అమలులో ఉన్నది. పెట్టెపై ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరలో పన్ను కలిసే ఉంటుంది కనుక అదనంగా చెల్లించనక్కరలేదు. తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం వివరాలు పెట్టెపై ఉండి తీరాలి. వైర్‌లెస్ రకాలకు భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు గుర్తు ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి. పెట్టె తెరిచిన తర్వాత ఆరోగ్య కారణాల రీత్యా ఇయర్‌ఫోన్లను వాపసు తీసుకోని విక్రేతలు ఎక్కువ. కనుక వాపసు, మార్పిడి షరతులు ముందుగానే చదవడం, బిల్లు భద్రపరచడం శ్రేయస్కరం. వివాదం తలెత్తితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు.

పాడైపోయిన వైర్‌లెస్ బడ్స్‌ను చెత్తబుట్టలో వేయరాదు. వాటిలోని లిథియం బ్యాటరీ నలిగితే నిప్పు అంటుకోవచ్చు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఇ-వ్యర్థాల నిబంధనలు పాత ఎలక్ట్రానిక్ వస్తువుల పునర్వినియోగ బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి.

అయిదారు వేలు వెచ్చించినా చెవిలో నిలవని సెట్టు కన్న, ఏడెనిమిది వందలకే దొరికి గంటసేపు విన్నా బరువనిపించనిది ఉత్తమం. కొత్త సెట్టుతో సగం వాల్యూమ్‌లోనే పాట తృప్తిగా వినగలిగితే కొనుగోలుదారుడి ఎంపిక ఫలించినట్లే.