గురుభక్తీ, గ్రంథాలయమూ

సెప్టెంబరు 5వ తేదీన మా బళ్లల్లో జరిగే తతంగం అందరికీ తెలిసిందే. 1962 నుంచి ఆ రోజు ఉపాధ్యాయ దినోత్సవం. పిల్లలు చందాలు వేసుకుని దండలు తెస్తారు. ఒక విద్యార్థి గురువును బ్రహ్మతోనూ విష్ణువుతోనూ పోల్చే శ్లోకం చదువుతాడు. ప్రధానోపాధ్యాయుడు పూర్వకాలపు గురుభక్తిని తలుచుకుని నేటి కాలాన్ని చూసి నిట్టూరుస్తాడు. సభ ముగిసిన తర్వాత దండలు ఎక్కడ పెట్టాలో తెలియక, చాలాచోట్ల, పుస్తకాల బీరువా మీద పెడతారు. ఆ బీరువాకు తాళం వుంటుంది. సంవత్సరంలో ఆ బీరువా దగ్గరికి ఎవరైనా వెళ్లేది ఆ ఒక్క రోజే కావచ్చు.

ఈ దృశ్యాన్ని ఎగతాళి చేయడానికి చెప్పడం లేదు. గురువు పట్ల గౌరవం, పుస్తకం పట్ల ప్రేమ అనే రెంటినీ మనం ఎప్పుడూ జంటపదాలుగా వాడుతున్నాం. వాటి మధ్య సంబంధం ఏమిటో మాత్రం విచారించలేదు. అభ్యుదయ విమర్శకుల్లో కొందరు గురుభక్తిని భూస్వామ్య భావజాలంగా కొట్టిపారేస్తారు. సంప్రదాయవాదులు దాన్ని నిత్యసత్యంగా పూజిస్తారు. ఇద్దరూ కూడా దానికొక చరిత్ర వుందని మరిచిపోతున్నారు. ఆ చరిత్రలో ముఖ్యమైన ఘట్టాలు కొన్ని మా కృష్ణా డెల్టాలోనే, బందరుకూ బెజవాడకూ మధ్య జరిగాయి. కంకిపాడు ఆ రెండింటినీ కలిపే బందరు రోడ్డు మీద వుంది గనుక, ఇక్కడ కూర్చుని యీ సంగతి ఆలోచించడం నాకు సహజంగానే తోచింది.

అచ్చుయంత్రం రాక పూర్వం పుస్తకం అంటే తాటాకుల కట్ట. ఒక్కొక్క ప్రతిని చేత్తో గంటంతో రాయాలి. కాబట్టి చదువు ప్రధానంగా గురువుగారి కంఠంలో వుండేది. ఆయన చెబితేనే శిష్యుడికి కావ్యం అందేది, చెప్పకపోతే లేదు. చదువు సంపాదించడానికి గురుశుశ్రూష ఒక మార్గమనీ, ధనం ఇంకొక మార్గమనీ పెద్దలు లెక్క చెప్పారు. అంటే శుశ్రూష అనేది ధనం లేనివాడు చెల్లించే వెల. వారాలు చెప్పుకుని, రోజుకొక ఇంట్లో తిని, గురువుగారి ఇంటికి నీళ్లు మోసి చదువుకున్న పిల్లల భక్తిలో నిజమైన ప్రేమ లేదని నేను అనను. కాని ఆ ప్రేమకు కింద ఒక పచ్చి వాస్తవం వుంది: విద్య ఒకరి గుప్పిట్లో వుంది. ఆ గుప్పిట తెరవడం, మూయడం ఆయన ఇష్టం. మూసినప్పుడు ఏమవుతుందో ఏకలవ్యుడి కథ చెబుతుంది. ఆ కథలో మనల్ని బాధించవలసింది తెగిన బొటనవేలు ఒక్కటే కాదు. విద్య నేర్పని గురువు కూడా దక్షిణ అడగగలిగాడు. అదే గుత్తాధిపత్యం.

ఇక ఇరవయ్యో శతాబ్దపు బందరుకు వద్దాం. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు (1870-1950) అక్కడి హిందూ హైస్కూల్లో తెలుగు పండితులు. తిరుపతి వేంకట కవుల్లో ఒకరు, శతావధాని. ఆయన స్వయంగా పాతపద్ధతిలో చదువుకున్నవారు; చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి వద్ద వ్యాకరణం నేర్చారు. కాని ఆయన ఉద్యోగం కొత్త పద్ధతిది. ఇంగ్లీషు బడిలో గంట కొడితే క్లాసుకు వెళ్లాలి, నెలకు జీతం తీసుకోవాలి. శిష్యుడు ఇక నీళ్లు మోయనక్కర్లేదు, ఫీజు కడితే చాలు. దానికి తోడు, ఆ రోజుల్లో బళ్లల్లో తెలుగు పండితుడికి ఇంగ్లీషు చెప్పే మేష్టారికున్న హోదా లేదు. అంటే గురుభక్తికి వున్న పాత ఆర్థిక ఆధారం అక్కడ పోయింది. అయినా భక్తి పోలేదు. ఎందుచేత?

ఆ బడిలోనుంచి వచ్చిన శిష్యుల్ని చూస్తే సమాధానం కొంత దొరుకుతుంది. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావుగార్లు అక్కడ ఆయన వద్ద కూర్చున్నవాళ్లే. పింగళి, కాటూరి కవులు తమ 'సౌందరనందము'ను గురువుగారికి అంకితం ఇచ్చారు. ఒకరు విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు, మరొకరు 'కృష్ణాపత్రిక' నడిపారు. కృష్ణా జిల్లా చిరివాడకు చెందిన వేలూరి శివరామశాస్త్రిగారూ ఆయన శిష్యులే. ఆ శతావధాని పద్యాల దగ్గరే ఆగిపోలేదు, మంచి కథలు రాశారు, గాంధీ ఆత్మకథను తెలుగులోకి తెచ్చారు. విశ్వనాథ సంగతి చెప్పనక్కర్లేదు. తనవంటి శిష్యుడు దొరికిన భాగ్యం ప్రాచీన మహాకవులకు కూడా లేదు, మా గురువుగారికే దక్కిందని 'రామాయణ కల్పవృక్షం'లో చెప్పుకున్నవాడాయన. ఆ పద్యాన్ని అహంకారమని కొందరు, గురుభక్తికి పరాకాష్ఠ అని కొందరు అంటారు. నాకైతే రెండూ నిజమే అనిపిస్తుంది. అందులో మెడ వంచని ఒక కొత్త శిష్యుడు మాట్లాడుతున్నాడు. గురువును పొగడడానికి తనను తాను తగ్గించుకోవలసిన పని అతడికి లేదు. విశ్వనాథ సామాజిక దృక్పథంతో మనం ఏ మాత్రం ఏకీభవించకపోవచ్చు, నేను ఏకీభవించను కూడా. కాని ఆ పద్యం వెనకనున్న సంబంధం పాత శుశ్రూషాసంబంధం కాదని ఒప్పుకోవాలి.

ఒకే బెంచీ మీదనుంచి సంప్రదాయవాది, పత్రికా సంపాదకుడు, కథకుడు లేచి వచ్చారంటే, ఆ గురువు తన అభిప్రాయాలను పంచిపెట్టలేదన్నమాట. ఆయన పంచింది చదివే అలవాటు, పద్యాన్ని నోటితో రుచి చూసే అలవాటు. 'కథలు-గాథలు' చదివిన వారికి యిది తెలుసు. మహాపండితుడు అరుగుమీద కూర్చుని కబుర్లు చెబుతున్నట్టు, ఒక విషయంలోనుంచి మరొక విషయంలోకి జారుతూ, అందరికీ తెలిసే తెలుగులో రాసుకుంటూ పోతాడు. (సాహిత్య విద్యార్థులు యీ పుస్తకాన్ని పరీక్షకోసమే తెరుస్తున్నారు. అది పెద్ద నష్టం.) గురువుకు వేషధారి రూపం ఎలా వుంటుందో గురజాడ గిరీశం ద్వారా 1892 నాటికే రంగస్థలం మీద చూపించాడు. చుట్ట కాల్చడం నేర్పి చదువు నేర్పానని చెప్పుకునే ఆ మేష్టారికి కూడా వెంకటేశం భక్తుడే. కాబట్టి భక్తి వున్నంతమాత్రాన గురువు గొప్పవాడు కాడు. ఆ భక్తి శిష్యుణ్ణి ఏ పుస్తకం దగ్గరికి తీసుకుపోయింది అన్నదే చూడాలి.

వేంకటశాస్త్రిగారి జీవితంలో మరొక ఘట్టం వుంది. నా దృష్టిలో అదే అన్నిటికంటె పెద్దది. గుర్రం జాషువా (1895-1971) వినుకొండలో పుట్టారు. కులం కారణంగా బడిలోనూ సభల్లోనూ అవమానాలు పడ్డారు. సంస్కృతం నేర్చుకోవడానికి ఎంత తిరగవలసి వచ్చిందో ఆయన జీవితం చదివినవారికి తెలుసు. పొట్టకోసం రాజమహేంద్రవరంలో మూకీ సినిమాలకు మాటలు చెప్పారు, గుంటూరులో మిషన్ వారి శిక్షణ పాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేశారు. 'గబ్బిలం' (1941) రాసిన ఆ బడిపంతులు కాలికి వేంకటశాస్త్రిగారు స్వయంగా గండపెండేరం తొడిగారు. ఆ పాదం తాకినందువల్ల తన జన్మ ధన్యమయిందని అన్నారు. జాషువా తనకు జరిగిన సన్మానాలన్నిటిలోకి దీన్నే గొప్పదిగా భావించారు.

గండపెండేరం అనగానే మనకు పెద్దనకు కృష్ణదేవరాయలు తొడిగిన కథ గుర్తొస్తుంది. అది రాజు పండితుడికి చేసిన సన్మానం, అధికారానికీ విద్యకూ మధ్య ఒప్పందం. ఇక్కడ తొడిగినవాడు వయసులో పెద్ద, కులంలో 'పెద్ద', ఊరూరా శిష్యులున్న గురువు. తొడిగించుకున్నవాడు ఏ గురుకులమూ రమ్మనని వాడు. గురువు చేతులు కవి పాదాల దగ్గరికి వచ్చాయి. ఏకలవ్యుడి కథను తిరగరాయడానికి ఇంతకంటె స్పష్టమైన ప్రయత్నం మన సాహిత్య చరిత్రలో నాకు కనిపించలేదు. ఒక్క సంఘటనతో కులం కరిగిపోలేదు. దాన్ని చూపించి సంప్రదాయం అంతా ఉదారమని వాదించేవాళ్లతో నేను పోట్లాడతాను. జాషువాకు ఆ గండపెండేరం వచ్చేముందు గడిచిన యేళ్లు ఆ వాదానికి జవాబు. అయితే ఒక పండితుడు పద్యంముందు తన కులాన్ని పక్కన పెట్టగలిగాడన్నది కూడా వాస్తవమే. అతణ్ణి అక్కడికి తెచ్చింది పద్యంమీది ప్రేమ.

బందరులో యిలా వుండగా బెజవాడలో మరొక పని జరుగుతోంది. 1911లో రామమోహన ధర్మ గ్రంథాలయం వెలిసింది. అయ్యంకి వెంకటరమణయ్యగారు (1890-1979) అక్కడినుంచే గ్రంథాలయోద్యమాన్ని ఊరూరికీ తీసుకుపోయారు. 1914లో బెజవాడలో, చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన, ఆంధ్రదేశంలోని గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై సంఘం పెట్టుకున్నారు. తరువాత 'గ్రంథాలయ సర్వస్వము' పత్రిక వచ్చింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం మొదలయింది. దాని భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశారు. 1935లో పాటూరి నాగభూషణంగారు పశ్చిమ డెల్టాలో పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలవ మీద పుస్తకాల పడవ నడిపించారు. వడ్లబస్తాలు పోయే కాలవలో పుస్తకాలు పోయాయి. రేవులో బట్టలుతికే మనిషి, పడవలాగే మనిషి, చేను గట్టుమీద నిలబడ్డ మనిషి దాన్ని చూసి వుంటారు. ఊరిలో పుస్తకం ఎవరింట్లో వుందో వెతుక్కుంటూ పోయే కాలానికీ, పుస్తకమే రేవుకు వచ్చే కాలానికీ మధ్య ఎంత దూరం వుందో ఆలోచించండి.

ఈ ఉద్యమం చేసిన అసలు పని విద్యను గురువు గుప్పిట్లోంచి బయటికి తీయడం. వెల చెల్లించకుండా, శుశ్రూష చేయకుండా, కులం చెప్పకుండా పుస్తకం తీసుకునే చోటు అనే ఆదర్శాన్ని అది ముందుకు తెచ్చింది. ఆదర్శం ప్రతి ఊరిలోనూ నిలబడలేదు. కాని ఒకసారి చెప్పిన మాటను వెనక్కి తీసుకోవడం కష్టం. మరొక విశేషం ఏమిటంటే, పల్లెల్లో యీ గ్రంథాలయాలకు అండగా నిలిచినవాళ్లలో బడిపంతుళ్లు వున్నారు. సాయంత్రం బడి అయ్యాక తలుపు తీసి, పత్రిక బిగ్గరగా చదివి వినిపించి, పద్దు రాసింది వాళ్లే. తమ గుత్తాధిపత్యాన్ని తామే వదులుకున్న ఆ పంతుళ్లకు గౌరవం తగ్గలేదు సరికదా పెరిగింది. విద్యను దాచుకున్న గురువుకు భక్తులుంటారు. పంచిన గురువును మనుషులు గుర్తుపెట్టుకుంటారు.

అందరూ గుర్తుపెట్టుకుంటారా? ఇక్కడ నాకు చింగీజ్ ఐత్‌మాతోవ్ రాసిన 'తొలి ఉపాధ్యాయుడు' గుర్తొస్తుంది. 1962 నాటి యీ నవలిక సోవియట్ ప్రచురణగా తెలుగులో వచ్చింది. 1953లో బెజవాడలో ఏర్పడ్డ విశాలాంధ్ర ప్రచురణాలయం దుకాణాల్లో అలాంటి పుస్తకాలు కొన్న తరం ఒకటి మన రచయితల్లో వుంది. కిర్గిజ్ పల్లెలో దూయిషేన్ అనే కూలివాడు పాత గుర్రపుశాలను బడిగా మారుస్తాడు. అతడికి అక్షరాలే పూర్తిగా రావు. చలికాలం పిల్లల్ని వీపుమీద ఎత్తుకుని వాగు దాటిస్తాడు. తల్లిదండ్రులు లేని అల్తినాయ్‌ని బలవంతపు పెళ్లినుంచి తప్పించి చదువుకు పంపుతాడు. ఆమె పెద్ద విద్యావేత్త అయి, కొత్త బడి ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథిగా వస్తుంది. అప్పుడు ముసలి దూయిషేన్ ఆ ఊరి తపాలా మోస్తున్నాడు. శుభాకాంక్షల తంతులు తెచ్చి యిచ్చి, విందుకు కూర్చోకుండా వెళ్లిపోతాడు. అతడి చదువు ఎంత తక్కువో తలుచుకుని విందులో కూర్చున్నవాళ్లు నవ్వుకుంటారు.

ఈ కథలో గురువుకు పాండిత్యం లేదు. చెళ్లపిళ్లవారికీ దూయిషేన్‌కూ పోలికే లేదు. కాని ఇద్దరూ ఒక్క పనే చేశారు, శిష్యుణ్ణి తమకంటె దూరం పంపించారు. సిగ్గుపడవలసింది దూయిషేన్ కాదు, విందులో కూర్చున్నవాళ్లు. సెప్టెంబరు 5న దండలు వేయించుకునే మేము ఏ వరసలో కూర్చున్నామో ఒకసారి చూసుకోవడం మంచిది.

పుస్తకాల విషయంలో ప్రభుత్వాలు చట్టాలు చేయకపోలేదు. 1948 నాటి మద్రాసు చట్టం, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయాల చట్టం మనకున్నాయి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనమందరం కడుతున్నాం. వసూలు చేసిన స్థానికసంస్థలు దాన్ని గ్రంథాలయ సంస్థలకు జమచేయక బకాయిలు పడడం యేళ్ల తరబడి వింటున్న మాట. పిల్లలు చదవడం లేదు, అంతా సెల్‌ఫోన్ అంటున్నారు. 1989 నుంచి విజయవాడలో ఏటా జరిగే పుస్తక మహోత్సవానికి వెళ్లి, తండ్రి చెయ్యి లాగుతూ బొమ్మల పుస్తకం దగ్గర నిలబడ్డ పిల్లల్ని చూసినవాడు ఆ మాట అంత తేలిగ్గా అనలేడు. పిల్లలకు కోరిక వుంది. బీరువాకు తాళం వుంది.

ఆ తాళం ఎవరు వేశారంటే, మేమే. పదిహేనేళ్ల కింద నేను పనిచేసిన ఒక బడిలో గ్రంథాలయం బాధ్యత నాకు అప్పగించారు. అప్పగించిన పెద్దాయన చెవిలో చెప్పిన మాట: "పుస్తకాలు బయటికి ఇవ్వకండి మాస్టారూ, పోతే మీ జీతంలో కోస్తారు." ఆయన దుర్మార్గుడు కాడు. స్టాకు రిజిష్టరులో 412 పుస్తకాలుంటే బీరువాలో 412 వుండాలి, తనిఖీకి వచ్చినవాడు చూసేది అదే. ఎవరైనా చదివారా అని అడిగే గడి ఆ రిజిష్టరులో లేదు. నేను రెండేళ్లు ఆయన మాట విన్నాను. మూడో యేడు తాళం తీసి, ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకదానికి చెవి ఇచ్చాను. ఆ సంవత్సరాంతానికి 19 పుస్తకాలు తగ్గాయి. వాటి ఖరీదు కట్టాను, పెద్ద మొత్తమేమీ కాదు. తరువాతి వేసవిలో వాటిలో నాలుగు తిరిగి వచ్చాయి. రెండింటికి పాత కాలెండరు కాగితంతో కొత్త అట్టలు వేసి వున్నాయి. రిజిష్టరులో మళ్లీ ఎలా ఎక్కించాలో తెలియక వాటిని అలాగే బీరువా కింది అరలో పెట్టాను.