విక్రాంత్ వేషం కట్టిన రాజ్‌పుత్

మాది ముత్యంపేట. మాకు నీళ్లంటే చెరువు, కాలువ అంతే. నేను సముద్రం చూసిందే ఇంజినీరింగ్ అయిపోయాక, విశాఖ ఆర్కే బీచ్‌లో. అందరూ కురుసుర సబ్‌మెరైన్ ముందు సెల్ఫీలు దిగుతుంటే, నేను ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం దగ్గర ఆగిపోయాను. 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో కట్టారు దాన్ని. ఆ విజయం వెనక ఓ ముసలి ఓడ కథ ఉంది.

అప్పట్లో మన నేవీకి ఉన్న ఒకే ఒక్క విమానవాహక నౌక విక్రాంత్. దాని బాయిలర్‌కి పగుళ్లొచ్చి వేగం తగ్గిపోయింది. దాన్ని ముంచడానికి పాకిస్తాన్ ఘాజీ అనే సబ్‌మెరైన్‌ని పంపింది. విశాఖలోని తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ని గుట్టుగా అండమాన్‌కి తరలించి, దాని వేషం రాజ్‌పుత్‌కి కట్టారు.

రాజ్‌పుత్ డిస్ట్రాయర్. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నేవీలో ‘రోథరమ్’ పేరుతో పనిచేసి, 1949లో మనకొచ్చింది. బరువు విక్రాంత్‌లో ఏడో వంతు కూడా ఉండదు. కానీ రేడియో సిగ్నల్‌కి బరువుండదు కదా! విశాఖకు దూరంగా సముద్రంలో తిరుగుతూ, విక్రాంతే మాట్లాడుతున్నట్టు జోరుగా వైర్‌లెస్ సందేశాలు పంపింది. ఒడ్డున కాంట్రాక్టర్లకి భారీగా మాంసం, కూరగాయలు ఆర్డరిచ్చారు. విక్రాంత్‌లోని ఓ నావికుడు తన తల్లి ఆరోగ్యం గురించి అడుగుతున్నట్టు ఓ టెలిగ్రామ్‌ని కావాలనే బయటికి పొక్కనిచ్చారు. సైబర్ సెక్యూరిటీలో దీన్నే ‘హనీపాట్’ అంటాం. హ్యాకర్‌ని రప్పించడానికి పెట్టే ఉత్తుత్తి సర్వర్ అన్నమాట. తేడా ఏంటంటే, ఈ ఎరలో ప్రాణాలున్న మనుషులున్నారు.

డిసెంబర్ 3 రాత్రి లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో రాజ్‌పుత్ విశాఖ హార్బర్ దాటింది. నీళ్లలో అలజడి కనిపించి డెప్త్ చార్జ్‌లు వదిలారు. అంటే నీటి అడుగున పేలే బాంబులు. అర్ధరాత్రి దాటాక భారీ పేలుడు. 90 మందికి పైగా సిబ్బందితో ఘాజీ మునిగిపోయింది. అటు విక్రాంత్ విమానాలు డిసెంబర్ 4న కాక్స్‌బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి మొదలెట్టాయి.

ఘాజీని ముంచింది రాజ్‌పుతేనని మన నేవీ అంటుంది. అది తాను పరిచిన మైన్లకే బలైందని పాకిస్తాన్ అంటుంది. ఈ వాదన ఇప్పటికీ తెగలేదు. నన్నడిగితే, తెగకపోయినా రాజ్‌పుత్ గొప్పతనం తగ్గదు. ఘాజీ విశాఖ ముందు కాపు కాసేసరికే విక్రాంత్ అక్కడ లేదు. ఎర పనిచేసింది, అసలు గెలుపు అదే.

ఆ ఓడ 1976లో రిటైరైంది. అదే పేరుతో 1980లో వచ్చిన కొత్త రాజ్‌పుత్ 2021 మే 21న విశాఖలోనే వీడ్కోలు తీసుకుంది. ఈసారి ఆర్కే బీచ్‌కి వెళ్తే స్మారకం ముందు ఒక్క నిమిషం ఆగి, సముద్రం వైపు చూడండి. ఆ నీళ్ల అడుగున ఘాజీ ఇంకా ఉంది. అందులో 90 మందికి పైగా పడుకున్నారు. వాళ్లూ ఎవరో తల్లుల కొడుకులే.