తాతయ్య ఎముక ఎవరికీ పట్టలేదు

బోలు ఎముకల వ్యాధి అనగానే మనకు నడుం వంగిన నాయనమ్మే గుర్తొస్తుంది. తాతయ్య గుర్తుకు రాడు. ఆయన వీపు వంగితే వయసు మీద పడిందంటాం, నడుం పట్టేస్తే జీవితమంతా చేసిన చాకిరీ ఫలితమంటాం. మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఓ నొప్పి మాత్రల షీటు కొని చేతిలో పెడతాం. అంతర్జాతీయ ఆస్టియోపొరోసిస్ ఫౌండేషన్ అంచనా ప్రకారం యాభై దాటిన ప్రతి ఐదుగురు మగవాళ్లలో ఒకరికి ఏదో ఒకరోజు ఎముక గుల్లబారి విరుగుతుంది. తుంటి విరిగిన ఏడాదిలోపే ప్రాణం పోయే ప్రమాదం ఆడవాళ్లకంటే మగవాళ్లకే ఎక్కువ.

పరిశోధన కూడా ఆయన దాకా ఆలస్యంగానే వచ్చింది. ఎముకలను గట్టిపరిచే అలెండ్రోనేట్‌ను 1990లలో అమెరికాలో 6,459 మంది మహిళలపై పరీక్షించారు. మగవాళ్లపై జరిగిన పరీక్ష ఫలితాలు 2000లో వచ్చాయి. అందులో పాల్గొన్నది 241 మంది! ఆ ఏడాదే అమెరికాలోని ఆరు కేంద్రాల్లో ‘మిస్టర్ ఓఎస్’ అధ్యయనం మొదలైంది. 65 ఏళ్లు నిండిన 5,994 మంది పురుషులను చేర్చుకుని, వాళ్ల ఎముకలను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది.

నొప్పి మందుల పరీక్షల్లోనూ ఇదే తీరు. వయాక్స్ పేరుతో అమ్మిన రోఫెకాక్సిబ్‌పై ‘విగర్’ పరీక్ష ఫలితాలు 2000లోనే వెలువడ్డాయి. అందులోని 8,076 మంది కీళ్లవాత రోగుల్లో ఐదింట నాలుగొంతులు మహిళలే. పరీక్ష పెట్టింది కడుపులో పుండ్ల సంగతి తేల్చడానికి. కానీ గుండెపోట్లూ కనిపించాయి. మరో పరీక్షలో, 18 నెలలు దాటి వాడినవాళ్లకు గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతోందని తేలాక, 2004 సెప్టెంబర్ 30న మెర్క్ కంపెనీ ఆ మందును వెనక్కి తీసుకుంది. మన దేశమూ ఆ ఏడాది చివర్లోనే నిషేధించింది. కొన్ని వారాల్లో ముగిసే పరీక్షలో ఆ ముప్పు బయటపడేదే కాదు. ఎముక సంగతైతే, ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

అడగాల్సిన కారణం ఉంది. ఎముక నిత్యం ఒకచోట కరుగుతూ, ఇంకోచోట కట్టుకుంటూ ఉంటుంది. ఆ పనికి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు కావాలి. నొప్పి మాత్రలు అడ్డుకునేదీ వాటినే. ఈ రకం మందులు, విరిగిన ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తున్నాయని 2002లో జంతువులపై చేసిన ప్రయోగాల్లో కనిపించింది. 2006లో కెనడా పరిశోధకులు మరింత ఆశ్చర్యకరమైన సంగతి చెప్పారు. వయాక్స్ లాంటి కాక్స్-2 మాత్రలు రోజూ వాడే మగవాళ్లకు తుంటి ఎముక సాంద్రత తక్కువగా ఉంది. ముట్లుడిగి, హార్మోన్ మందులు వాడని మహిళల్లో ఎక్కువగా ఉంది. ఒకే మందు, రెండు దిక్కులు! ఆడవాళ్ల ఫలితాలను మగవాళ్లకు అంటగట్టడం ఎంత తప్పో చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు, నా మట్టుకు నాకు.

అయితే మాత్ర ఎముకను కరిగిస్తుందని దీన్నిబట్టి తీర్పు చెప్పలేం. నొప్పి ఉన్నవాడు తక్కువ నడుస్తాడు, నడక తగ్గితే ఎముక దానంతటదే పలచబడుతుంది. తప్పు మందుదో, నొప్పిదో విడదీయాలంటే వృద్ధ పురుషులను కొన్నేళ్లపాటు పరీక్షించాలి. ఎప్పుడో పేటెంటు తీరిపోయిన చవక మాత్రల మీద అంత డబ్బు ఏ కంపెనీ పెడుతుంది? ప్రభుత్వాలే పూనుకోవాలి.

ఈలోగా ఏ సందేహమూ లేని ముప్పు మన ఊళ్లలోనే ఉంది: స్టెరాయిడ్. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే సాయంత్రానికి లేచి తిరగడం చాలామందికి అనుభవమే. ఆ సూదిలో నొప్పి మందు డైక్లోఫెనాక్‌కు తోడు చాలాసార్లు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉంటుంది. కీళ్లనొప్పులకంటూ అమ్మే పేరులేని పొట్లాల్లోనూ స్టెరాయిడ్ బయటపడిన సందర్భాలున్నాయి. స్టెరాయిడ్ వరసగా వాడితే ఎముక అన్నిటికంటే వేగంగా పలచబడేది మొదటి కొన్ని నెలల్లోనే. అంటే, మందు భలే పనిచేస్తోందని తాతయ్య సంబరపడుతున్న రోజుల్లోనే.

నొప్పికే వాడే ట్రమడాల్‌ది మరో దారి. తల తిప్పి పడేస్తుంది. ఆ ఓపియాయిడ్ జాతి మందులు ఎక్కువకాలం వాడితే టెస్టోస్టిరాన్ తగ్గుతుంది, మగవాడి ఎముకకు కాపు అదే. ఇక కిడ్నీ. బీపీ మాత్రలు వేసుకుంటూ, ఎండలో చెమటోడ్చి, పైన నొప్పి మాత్ర మింగితే కిడ్నీకి రక్తం తగ్గుతుంది. విటమిన్-డి ఒంటికి పనికొచ్చే రూపంలోకి మారేది అక్కడే కాబట్టి, కిడ్నీ దెబ్బతింటే ఎముకా దెబ్బతింటుంది. ఉద్దానం కిడ్నీ జబ్బుకు అసలు కారణం తేలలేదు గానీ, అనుమానితుల జాబితాలో నొప్పి మాత్రలూ ఉన్నాయి.

కాబట్టి సూది వేసేముందే అందులో ఏముందో అడిగి, పేరు కాగితం మీద రాయించుకోవాలి. డెబ్బై దాటినా, ఎత్తు తగ్గుతున్నా, చిన్నగా జారిపడినందుకే ఎముక విరిగినా, ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ గురించి డాక్టర్‌ను అడగాలి, మగవాళ్లకు అక్కర్లేదన్నా సరే ఇంకోసారి అడగాలి. నెలల తరబడి స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లు మాత్రం ఇది చదివి రేపే మానేయకూడదు. ఒంట్లో సహజంగా ఊరాల్సిన హార్మోన్ అప్పటికి ఊరడం తగ్గిపోయి ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకు వస్తుంది, డాక్టర్ చెప్పిన లెక్కలోనే కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి.