కొండ కొలనుకు ఒకరోజు నడక

హిమాలయాలను కళ్లారా చూడాలని కోరుకోని విద్యార్థి ఉండడు. అయితే కొండదారి పట్టణ వీధి వంటిది కాదు. పదిమంది కలిసి ఉదయం బయలుదేరి, ఒక సరస్సును చూసి, సాయంకాలానికి క్షేమంగా తిరిగి రావాలంటే ఉత్సాహంతో పాటు ముందుచూపు కూడా అవసరం. అది ఎలా ఉండాలో ఒక ఉదాహరణతో తెలుసుకుందాం.

హిమాచల్ ప్రదేశ్‌లోని మండి జిల్లాలో, సముద్రమట్టానికి సుమారు 2,730 మీటర్ల ఎత్తున పరాశర సరస్సు ఉంది. వ్యాసుని తండ్రియైన పరాశర మహర్షి ఇక్కడ తపస్సు చేశాడని స్థానికుల విశ్వాసం. ఒడ్డున మూడంతస్తుల ఆలయం, నీటిపై తేలే పచ్చిక దీవి, దూరాన ధౌలాధార్ మంచుకొండలు చూపరులను ముగ్ధులను చేస్తాయి. బాగ్గి గ్రామం నుండి అడవి బాటన 7, 8 కిలోమీటర్లు నడిచి అక్కడికి చేరవచ్చు.

దూరం తెలిసినంత మాత్రాన కాలం తెలియదు. కొండపై ఎక్కుడును కూడా లెక్కించాలి. స్కాట్లాండుకు చెందిన విలియం నైస్మిత్ అనే పర్వతారోహకుడు 1892లో ఇందుకొక సులభ సూత్రం చెప్పాడు. నేటి కొలతలలో దాని సారం ఇది: ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు అదనంగా మరొక గంట. ఈ లెక్కన 8 కిలోమీటర్ల పొడవు, 600 మీటర్ల ఎక్కుడు ఉన్న బాటకు రెండున్నర గంటలకు పైగా పడుతుంది. ఇందులో విశ్రాంతి చేరలేదు. కనుక కొత్తవారున్న బృందం నాలుగు గంటలు అనుకోవడం మంచిది. ఉదయం 6 గంటలకు బయలుదేరితే 10 గంటలకు చేరతారు. కొండలపై మధ్యాహ్నం దాటాక మబ్బులు కమ్మి ఉరుములతో వాన కురవడం సాధారణం. అందుచేత 12 గంటలకు ఎక్కడ ఉన్నా సరే వెనుదిరగాలని ముందే నిర్ణయించుకోవాలి.

ఎత్తు పెరిగేకొద్దీ చలి పెరుగుతుంది. ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. మండి పట్టణంలో 33 డిగ్రీల ఎండ కాస్తున్నప్పుడు, అంతకంటే దాదాపు 2,000 మీటర్లు పైనున్న సరస్సు వద్ద 20 డిగ్రీలే ఉండవచ్చు. స్వెట్టరు, రెయిన్‌కోటు, నీళ్లు, తినుబండారాలు, టార్చిలైటు, ఈల, ప్రథమ చికిత్స పెట్టె వెంట ఉండాలి. 2,500 మీటర్లు దాటాక కొందరికి తలనొప్పి, వికారం కలుగుతాయి. అవి ఎక్కువైతే ఆలస్యం చేయక కిందికి దించడమే సరైన చికిత్స. వానాకాలంలో కొండచరియలు విరిగిపడే భయముంది గనుక ఆ నెలలలో ఈ ప్రయాణం తగదు.

బృందంలో అందరికంటె నెమ్మదిగా నడిచేవారి వేగమే బృందపు వేగం కావాలి. దారి తెలిసినవాడు ముందు, నిబ్బరం గలవాడు చివర నడవాలి. చివరివానిని దాటి ఎవరూ వెనుకబడరాదు. ఎక్కడికి వెళుతున్నారో, ఎప్పటికి వస్తారో గ్రామంలో ఒకరికి చెప్పి వెళ్లాలి. స్థానికుడొకడు తోడుంటే మరీ మంచిది. ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో అతనికి తెలిసినట్లు మనకు తెలియదు.

ఈ మాట ఎంత విలువైనదో ఇదే మండి జిల్లాలో జరిగిన ఒక విషాదం చెబుతుంది. 2014 జూన్ 8న, హైదరాబాదు నుండి విహారయాత్రకు వెళ్లిన ఇంజనీరింగు విద్యార్థులు తలౌట్ వద్ద బియాస్ నదిలోకి దిగి ఫోటోలు తీసుకుంటున్నారు. అంతలో ఎగువనున్న లార్జీ ఆనకట్ట నుండి విడిచిన నీరు ముంచెత్తింది. 24 మంది విద్యార్థులు, వారి వెంటనున్న యాత్రా సిబ్బందిలో ఒకరు ప్రాణాలు కోల్పోయారు. తగిన హెచ్చరిక అందని ఆ పిల్లలను నిందించడం న్యాయం కాదు. కాని ప్రశాంతంగా కనిపించే నీటిని నమ్మరాదని, తెలిసినవారిని అడగనిదే దిగరాదని ఆ ఘటన మనకు నేర్పింది.

సరస్సును చేరకుండా వెనుదిరగడం ఓటమి కాదు. కొలను మరుసటి ఏడు కూడా అక్కడే ఉంటుంది. బయలుదేరిన పదిమందీ చీకటి పడకముందే తిరిగి వచ్చి కలిసి భోజనానికి కూర్చున్నప్పుడే ఆ యాత్ర సఫలమైనట్లు.