లేచిపోయే వేళ

డిసెంబరు వచ్చిందంటే చెన్నై నగరమంతా కచేరీలే. 1928లో ప్రారంభమైన మ్యూజిక్ అకాడమీ మొదలు చిన్న చిన్న సభల వరకు ఉదయం నుండి రాత్రి దాకా పాటే. ఆ తమిళ నగరంలో త్యాగయ్య తెలుగు కీర్తనలకు తలలూపే జనాన్ని చూస్తే మన మనసు పొంగిపోతుంది.

ఒక సాయంత్రం నేనూ అక్కడున్నాను. ప్రధాన కీర్తన కాగానే గాయకుడు పాట ఆపి, తాళం వేస్తూ కూర్చున్నారు. తని ఆవర్తనం మొదలైంది. అంతవరకు గొంతు వెంట నడిచిన మృదంగానికీ ఘటానికీ తమ విద్య చూపే సమయం అదే. సరిగ్గా అప్పుడే చాలామంది లేచి క్యాంటీనుకు బయలుదేరారు. నేనూ లేచాను. తలుపు దగ్గర వెనుదిరిగి చూశాను. ఘటం వాయించే పెద్దాయన చూపు ఖాళీ అవుతున్న కుర్చీలపై ఉంది. సిగ్గుపడి తిరిగి వచ్చి కూర్చున్నాను.

ఒకరు ప్రశ్న అడిగినట్టు వాయిస్తే మరొకరు జవాబిచ్చారు. ఆ ప్రశ్నలు, జవాబులు క్రమంగా పొట్టివయ్యాయి. చివరకు ఇద్దరూ ఒక్కటై ముగించి, పాటను తిరిగి గాయకునికి అప్పగించారు. ఎన్నేళ్లుగా ఎంత పోగొట్టుకున్నానో ఆనాడు తెలిసింది.

మన ఇంట్లోనూ రోజంతా అందరి వెంట నడిచేవారు ఒకరుంటారు. వారు నోరు విప్పే వేళకే మనం లేచిపోవడం లేదు కదా?